లిఫ్ట్ బటన్లను నెట్‌వర్క్‌లో అమర్చే కొత్త పద్ధతికి పేటెంట్ వస్తుందా?

కొత్తదైనంత మాత్రాన రాదు. ఆ రంగంలోని మామూలు నిపుణుడికి ఇట్టే తట్టేదైతే అమెరికా పేటెంట్ చట్టం 103వ సెక్షన్ దాన్ని ఒప్పుకోదు. తెలిసిన భాగాలను ఊహకందే రీతిలో జోడిస్తే గుత్తాధిపత్యం ఇవ్వకూడదన్నది కారణం. 2007లో కేఎస్ఆర్ అనే కంపెనీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు నొక్కి చెప్పిందీ ఇదే.

ఉదాహరణకు, ఒకే తీగ మీదున్న ప్రతి అంతస్తు బటన్ పెట్టెకూ ఓ చిరునామా కావాలి. టెక్నీషియన్ కింది నుంచి వరుసగా బటన్లు నొక్కుతూ పోతే, కంట్రోలర్ 1, 2, 3 అని నంబర్లు ఇస్తుందనుకుందాం. ఈ కిటుకు వేరే నెట్‌వర్క్ పరికరాల్లో ముందే ఉంటే, లిఫ్టుకు తెచ్చినంతలో సాధారణంగా సరిపోదు. ఎవరూ ఊహించని ఫలితం చూపితే మాత్రం మాట వేరు.

"ఇదంతా ఏ ఒక్క పాత పత్రంలోనూ (పేటెంట్‌లోనో, వ్యాసంలోనో) లేదు కదా" అనుకోవడమే చాలామంది పొరపాటు. అది కొత్తదనం పరీక్ష. 103వ సెక్షన్ కింద మాత్రం రెండు మూడు పాత పత్రాలను కలిపి చూస్తారు. అయితే అలా ఎందుకు కలుపుతారో పేటెంట్ ఆఫీసు పరీక్షకుడు కారణం చూపాలి. అసలు వాదించాల్సింది అక్కడే.