తలసీమియా పాపకి హాఫ్ మ్యాచ్ ట్రాన్స్‌ప్లాంట్: అమ్మానాన్నల్లో ఎవరు డోనర్ కావాలి?

మీ పాపకి బీటా తలసీమియా మేజర్ (క్రమం తప్పకుండా రక్తం ఎక్కించాల్సిన పుట్టుకతో వచ్చే రక్తజబ్బు), తమ్ముడితో మ్యాచ్ కాలేదు, దాతల రిజిస్ట్రీలోనూ దొరకలేదు, ఇప్పుడు హాఫ్ మ్యాచ్, అంటే సగమే కలిసే దాత నుంచి మూలకణాల మార్పిడి చేద్దామంటున్నారు అని రాశారు. "ఇద్దరమూ సగమే కదా, మా ఆయన ఆరోగ్యంగా ఉంటారు, ఆయన ఇస్తే సరిపోదా?" అని అడిగారు. డీఎస్ఏ (దాత కణాల మీద పడే యాంటీబాడీలు పాప రక్తంలో ఉన్నాయా అని చూసే పరీక్ష) రిపోర్టు చేతికొచ్చేదాకా ఎవరు ఇవ్వాలన్నది ఖాయం చేసుకోకండి. మా అబ్బాయికి ఈ ట్రాన్స్‌ప్లాంట్ చేయించాం కాబట్టి గట్టిగా చెప్తున్నాను.

బిడ్డకి హెచ్ఎల్ఏ (ఏ కణం మనది, ఏది పరాయిదని ఒళ్లు గుర్తుపట్టే కణాల మీది గుర్తులు) సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుంది. అంటే మీ ఇద్దరిలోనూ పాపకి రాని ఇంకో సగం ఉంటుంది, అది పాప ఒంటికి పరాయిదే. మన పిల్లలకి మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కిస్తాం. అందులో మిగిలిపోయిన తెల్లకణాలు, ప్లేట్‌లెట్ల మీద దాతల హెచ్ఎల్ఏ ఉంటుంది. ఏళ్ల తరబడి అవి చూసి చూసి ఒళ్లు వాటికి యాంటీబాడీలు తయారుచేసుకోవచ్చు. ఆ యాంటీబాడీల్లో ఏదైనా మీవారి పరాయి సగానికి తగిలేదైతే, ఆయన మూలకణాలు ఎక్కించగానే అది వాటి మీద పడుతుంది, గ్రాఫ్ట్, అంటే ఎక్కించిన ఆ కణాలు, నిలబడకపోవచ్చు. ఇది ముందే చూసే పరీక్షే డీఎస్ఏ.

లుకేమియా పిల్లలు అప్పటికే కీమో తీసుకుని ఉంటారు, వాళ్ల రోగనిరోధక శక్తి నీరసించి ఉంటుంది. తలసీమియా పిల్లల్లో అది చెక్కుచెదరకుండా ఉంటుంది, పైగా ఇన్నేళ్ల రక్తంతో రాటుదేలి ఉంటుంది. అందుకే మనకి రిజెక్షన్ భయం ఎక్కువ. కొన్ని సెంటర్లలో అసలు కండిషనింగ్‌కి (ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందు పాత మజ్జని ఖాళీ చేసే మందులకి) ముందే ఫ్లుడారబిన్, డెక్సామెథసోన్ కోర్సులు ఇచ్చి ఆ జోరు తగ్గిస్తారు. మీ డాక్టరు ఆ మాట చెబితే అనవసరపు మందులనుకోకండి.

మా ఇంట్లోనూ అందరూ నేనే ఇవ్వాలనుకున్నారు. మా ఆవిడ సన్నగా ఉంటుంది, తట్టుకోలేదని మా అమ్మ పట్టు. రిపోర్టు వచ్చాక కోఆర్డినేటర్ ఒక వరుస కింద పెన్నుతో గీత గీసింది: ఎంఎఫ్ఐ (యాంటీబాడీ ఎంత బలంగా ఉందో చెప్పే అంకె) వేలల్లో ఉంది, ఆ యాంటీజెన్ నా పరాయి సగంలో ఉంది. మా ఆవిడ వైపు ఏమీ లేదు. దాంతో ఆవిడే డోనర్ అయింది. పిల్లాడి బరువు తక్కువ కాబట్టి అవసరమైనన్ని కణాలు ఆవిడ నుంచే సరిపోయాయి. మేమిద్దరం తలసీమియా మైనరే (లోపమున్న జన్యువు ఒకటే ఉండి, రక్తం ఎక్కించే అవసరం లేనివాళ్లం), మీరూ అంతే అయ్యుంటారు. మైనర్ ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. పాప చివరికి డోనర్‌లాగే మైనర్ అవుతుంది, రక్తం ఎక్కించే పని ఉండదు. బ్లడ్ గ్రూపు కలవకపోయినా అదే అడ్డంకి కాదు.

ఎంఎఫ్ఐ 1000 దాటితే పాజిటివ్‌గా, 5000 దాటితే పెద్ద రిస్కుగా చాలాచోట్ల చూస్తారు. ఒకవేళ ఇద్దరికీ పాజిటివ్ వచ్చినా దారి మూసుకుపోయినట్టు కాదు. ప్లాస్మా మార్పిడి, రిటుక్సిమాబ్, ఐవీఐజీ లాంటివాటితో యాంటీబాడీలు తగ్గించి మళ్లీ పరీక్షిస్తారు. మేనమామ, పిన్ని, బాబాయిల్లోనూ హాఫ్ మ్యాచ్ ఉండొచ్చు. మీది మేనరికమైతే దగ్గరి చుట్టాలందరి హెచ్ఎల్ఏ చూపించమని అడగండి, పూర్తి మ్యాచే దొరికినా దొరకొచ్చు. ఈలోపు పాపకి ఫిల్టర్ చేసిన, అంటే తెల్లకణాలు తీసేసిన రక్తమే ఎక్కించమనండి. ఇంట్లోవాళ్ల రక్తం మాత్రం వద్దు. ట్రాన్స్‌ప్లాంట్ దగ్గర పడ్డాక డీఎస్ఏ ఇంకోసారి చేయించండి, మధ్యలో ఎక్కిన రక్తంతో లెక్క మారొచ్చు.

ఇంకో సంగతి ముందే తెలిస్తే మంచిది. కణాలు ఎక్కించాక మూడో రోజు, నాలుగో రోజు సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చే పద్ధతైతే, దానికి ముందు జ్వరం బాగా పెరగొచ్చు. మావాడు ఒళ్లు కాలిపోతూ మూలుగుతుంటే స్టెరాయిడ్ ఇవ్వమని బతిమాలాను, ఇవ్వలేదు. మా డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు: డోనర్ టీ కణాలు (పరాయివాటి మీద దాడి చేసే ఒక రకం తెల్లకణాలు), పిల్లాడివి ఒకదాన్నొకటి పరాయిగా గుర్తుపట్టి విపరీతంగా విభజన చెందుతున్నాయి, అలా చెలరేగిన కణాల్నే ఈ మందు చంపుతుంది, స్టెరాయిడ్‌తో వాటిని ముందే పడుకోబెడితే మందుకి దొరకవు. మూలకణాల్లో ఈ మందుని విరిచేసే ఎంజైమ్ ఎక్కువ, అవి బతుకుతాయి. జీవీహెచ్‌డీ, అంటే డోనర్ కణాలు పిల్లాడి ఒంటి మీదే దాడి చేసే జబ్బు, తగ్గేది ఇలాగే. లుకేమియాలో కాస్త జీవీహెచ్‌డీ వల్ల రోగం తిరగబెట్టకుండా మేలుంటుందేమోగాని, మన పిల్లలకి దానివల్ల ఏ లాభమూ లేదు. అందుకే ఎంత తక్కువైతే అంత మంచిది.

మావాడికి గ్రాఫ్ట్ నిలబడింది. సీఎంవీ వైరస్ మాత్రం రెండుసార్లు లేచింది. కొత్త టీ కణాలు కుదురుకునేదాకా రక్తంలో ఈ వైరస్‌ని వెతికే పీసీఆర్ పరీక్షలు మానకూడదు. చిన్నప్పటి టీకాలన్నీ తర్వాత మళ్లీ వేయించాలి. ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు ట్రాన్స్‌ప్లాంట్ ప్యాకేజీ ఒక్కటే చూడకుండా ఈ తర్వాతి నెలల మందులు, పరీక్షలు, ఆసుపత్రి దగ్గర అద్దె గది కూడా కలపండి. మీ డీఎస్ఏ రిపోర్టు వచ్చాక డాక్టరు ఏమన్నారో ఇక్కడే రాయండి, నాకు తెలిసినంతవరకు చెప్తాను.