కాచని పాలతో చీజ్ చేశాను, ఏడో నెల కడుపుతో ఉన్న అమ్మాయి తినేసింది.. ఏమైనా అవుతుందా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. శ్రీమంతం చేసి అమ్మాయిని పురిటికి తీసుకొచ్చుకున్నాం, ఏడో నెల. పిజ్జా అడిగిందని యూట్యూబ్‌లో చూసి మా గేదె పాలతోనే చీజ్ చేశాను. పాలు కాచొద్దు, గోరువెచ్చగా ఉంటే చాలన్నారు. పిజ్జా కుక్కర్లో కాల్చాం, బాగా వచ్చింది. మిగిలిన చీజ్ ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు టమాటా ముక్కలతో ఊరికే తినేసింది. కడుపుతో ఉన్న పిల్లకి పచ్చి పాలది పెడతావా అని మా ఆయన ఒకటే తిట్లు. టెన్షన్‌గా ఉంది.

డాక్టర్ సలహా: ముందు టెన్షన్ తగ్గించుకోండమ్మా. పచ్చి పాలు తాగిన ప్రతివాళ్లకీ జబ్బు రాదు. కానీ ఈ విషయంలో మీ ఆయన మాటే కరెక్టు.

మన ఇళ్లలో కాచని పాలు వాడే అలవాటు పెద్దగా లేదు. దాలిలో పిడకల మీద ఎర్రగా కాగిన పాలే తోడు పెట్టేవాళ్లు, జున్ను పాలైనా ఆవిరి మీద ఉడికాకే తింటాం, పనీర్‌కి కూడా పాలు పొంగాకే నిమ్మకాయ పిండుతాం. ఈ సాగే చీజ్ (మొజరెల్లా) ఒక్కటే వేరు. పాలు మరిగితే అంత బాగా సాగదని 45 డిగ్రీల దగ్గరే వెనిగర్ పోసి విరగ్గొట్టమంటారు. సాగు బాగానే వస్తుంది, పచ్చి పాలలో లిస్టీరియా, సాల్మొనెల్లా, బ్రూసెల్లా లాంటి క్రిములుంటే అవీ చీజ్‌లోకి వచ్చేస్తాయి. వెనిగర్ పులుపుకి అవి చస్తాయని నమ్మలేం, ముద్దని వేడి నీళ్లలో ఓ నిమిషం ముంచి తీసినా అంతే. పైగా లిస్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి పిజ్జా మీద బుడగలొచ్చేలా కాలిన చీజ్‌తో భయం లేదు, నేను ఆలోచించేది మర్నాడు పచ్చిగా తిన్న దాని గురించే.

కడుపుతో ఉన్నవాళ్లకి లిస్టీరియా సోకితే తల్లికి మామూలు జ్వరం, ఒళ్లు నొప్పుల్లా ఉంటుంది, బిడ్డకి మాత్రం ప్రమాదం. కొందరికి రెండు నెలల తర్వాత కూడా బయటపడుతుంది. ఇప్పుడు ఏ ఇబ్బందీ లేకపోతే ముందు జాగ్రత్త అని యాంటీబయాటిక్స్ వేసేయకండి. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు ఈ చీజ్ సంగతి దాచకుండా చెప్పండి. ఈలోపు జ్వరం వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా పారాసెటమాల్ వేసుకుని పడుకోవడం కాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) చేస్తే తెలుస్తుంది, తొందరగా పట్టుకుంటే మందులున్నాయి.

ఇక పిజ్జా మానక్కర్లేదు. ఫుల్ క్రీమ్ ప్యాకెట్ పాలతో చేయండి, అవి ముందే పాశ్చరైజ్ చేసినవి, అంటే క్రిములు చచ్చేలా వేడి చేసినవి (అట్టపెట్టెల్లో నెలల తరబడి నిలవుండే పాలు మాత్రం దీనికి పనికిరావు, సాగవు). లేదు మా గేదె పాలే కావాలంటే, ఇటలీ వాళ్ల అసలు మొజరెల్లా కూడా గేదె పాలదే కాబట్టి మీ కోరికలో తప్పేం లేదు, వంటింటి థర్మామీటర్ ఒకటి కొనుక్కుని పాలని కలుపుతూ 75 డిగ్రీల దాకా వేడి చేసి, ఓ నిమిషం అలాగే ఉంచి, 45కి చల్లార్చి అప్పుడు వెనిగర్ పోయండి. సాగు కాస్త తగ్గితే తగ్గనివ్వండి. ఇంటి చీజ్‌లో ఉప్పు తక్కువ, త్వరగా పాడవుతుంది, రెండ్రోజుల్లో వాడేయండి. కుక్కర్లో కాల్చేటప్పుడు గాస్కెట్, విజిల్ తీసేస్తారు కదా, అందులో కింద మాడినంత వేగంగా పైన కాలదు, కాబట్టి చీజ్ కరిగింది చాలని దించేయకుండా అంచుల దాకా బుడగలు వచ్చేవరకు ఆగండి. మనవైపు రొయ్యలు వేస్తారు, అవి విడిగా వేయించాకే పైన పెట్టండి. అమ్మాయికి షుగర్ టెస్ట్ చేయించారో లేదో మీరు రాయలేదు, ఒకవేళ ఎక్కువుంటే మైదా రొట్టె ఒక ముక్కతో సరిపెట్టాలి. ఫ్రిజ్‌లో చీజ్ ఇంకా మిగిలుంటే పారేయండి.

ఇంకో సంగతి. మీ గేదెల్లో ఏదైనా ఈ మధ్య ఈసుకుపోయిందా, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోయిందా? అలా అయితే పశువుల డాక్టర్‌కి చెప్పి బ్రూసెల్లా పరీక్ష చేయించండి. దూడ పెయ్య అయితే 4 నుంచి 8 నెలల వయసులో దీనికి టీకా వేయించుకోవచ్చు. ఇది పాల వల్లే కాదు, ఈత సమయంలో మాయ, ఉమ్మనీరు ఉత్త చేతులతో ముట్టుకున్నా మనుషులకి సోకుతుంది, అమ్మాయిని ఆ పక్కకే పోనివ్వకండి. మీ ఆయనకి గానీ మీకు గానీ వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, రాత్రిళ్లు చెమటలు, నడుం నొప్పి ఉంటే డాక్టర్‌కి గేదెల సంగతి మీరే చెప్పాలి, లేకపోతే టైఫాయిడ్ అనుకుని మందులిచ్చి పంపేస్తారు.