పాఠకుల ప్రశ్నలు: జపనీస్ సొంతంగా నేర్చుకోవడం ఎలా?

ప్రశ్న: నేను బీఎస్సీ నర్సింగ్ చేసి ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. జపాన్‌లో వృద్ధుల సంరక్షణ ఉద్యోగానికి వెళ్లాలన్న కోరికతో జపనీస్ మొదలుపెట్టాను. మా ఊళ్లో నేర్పేవారు లేరు. హిరగానా, కతకానా అనే ధ్వని లిపులు వచ్చాయి గానీ, ఒక్కో అక్షరం ఒక అర్థాన్ని తెలిపే కాంజీ మాత్రం చదివింది చదివినట్టే మరిచిపోతున్నాను. రాత్రి డ్యూటీ చేసి వచ్చాక పుస్తకం తెరవబుద్ధి కావడం లేదు. ఇది నావల్ల అయ్యే పనేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: తప్పకుండా అవుతుంది. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే, ఇబ్బందంతా చదువుతున్న వరుసలోనే ఉన్నట్టు తోస్తోంది. జపాన్‌లో నిత్య వ్యవహారానికి నిర్దేశించిన కాంజీలు 2,136. అక్కడి పిల్లలే ప్రాథమిక పాఠశాలలో ఆరేళ్లు చదివి 1,026 నేర్చుకుంటారు. ఆ పట్టికను ముందు పెట్టుకుని రోజుకు ఇన్ని అని లెక్క కట్టుకుంటే ఎంత పట్టుదల ఉన్నవారైనా కొన్నాళ్లకు నీరుగారిపోతారు. పైగా పుట్టుకను, బతుకును తెలిపే ఒక్క కాంజీనే విద్యార్థి అనే అర్థమున్న 'గకుసెయ్'లో 'సెయ్' అనీ, పుట్టినరోజు అనే 'తంజోబి'లో 'జో' అనీ, బతకడం అనే 'ఇకిరు'లో 'ఇ' అనీ చదవాలి. అందుకే విడి అక్షరాలను బట్టీ పట్టడం మానేసి, మీ వృత్తిలో రోజూ నోట్లో నానే మాటలతోనే మొదలుపెట్టండి. మందుకు 'కుసురి', జ్వరానికి 'నెత్సు', భోజనానికి 'షొకుజి' అంటారు. వీటి కాంజీలను మాటతో కలిపి గుర్తుపట్టగలిగితే ప్రస్తుతానికి చాలు.

మీకున్న పెద్ద బలం తెలుగు. దొరికే పాఠాల్లో ఎక్కువ భాగం ఇంగ్లిషు చదువరుల కోసం రాసినవి కాబట్టి, క్రియ వాక్యం చివర రావడాన్ని, విభక్తి నామం తర్వాత చేరడాన్ని అవి పేజీల కొద్దీ వివరిస్తాయి. మనకు అదంతా పుట్టుకతో వచ్చిన విద్య. 'కుసురి ఒ నోమిమాష్త క' అంటే 'మందును వేసుకున్నారా'. అందులో 'ఒ' మన 'ను' చేసే పనే చేస్తుంది, చివరి 'క' మన ప్రశ్నార్థకపు దీర్ఘం చేసే పనే చేస్తుంది. 'తబెతె మిరు' మన 'తిని చూడడం', 'కైతె ఒకు' మన 'రాసి పెట్టడం'. జపనీస్‌కు తమిళంతో చుట్టరికం ఉందని సుసుము ఓనో అనే పండితుడు వాదించినా భాషావేత్తల్లో అత్యధికులు అంగీకరించలేదు. చుట్టరికం లేకపోయినా ఈ పోలిక మనకు అక్కరకొస్తుంది. నోటు పుస్తకంలో ఒకవైపు తెలుగు వాక్యం, ఎదురుగా జపనీస్ వాక్యం రాసుకోండి, మధ్యలోకి ఇంగ్లిషును రానివ్వకండి. దేని గురించి మాట్లాడుతున్నామో తెలిపే 'వ', కర్తను తెలిపే 'గ' అనే ప్రత్యయాల తేడాకు మాత్రం తెలుగులో సరిజోడు లేదు. అది వినగా వినగా పట్టుబడవలసిందే.

వినడంలోనూ తెలుగు చెవి ఉపకరిస్తుంది. 'బ్యోఇన్' ఆసుపత్రి, 'బియోఇన్' బ్యూటీ పార్లర్. 'కితె' అంటే రమ్మని, 'కిత్తె' అంటే తపాలా బిళ్ల. ద్విత్వాలూ హ్రస్వదీర్ఘాలూ ఎరిగిన మనకు ఈ తేడాలు త్వరగా అందుతాయి. ఇక నొప్పి చెప్పుకునే జంటపదాలను ఇప్పటినుంచే నేర్చుకోమని గట్టిగా చెబుతున్నాను. పోట్లు పొడుస్తున్నట్టుంటే 'జుకిజుకి', సూదులు గుచ్చినట్టుంటే 'చికుచికు', చర్మం చురచురమంటే 'హిరిహిరి' అంటారు. తొలి పాఠాల్లో ఇవి అరుదుగా కనిపిస్తాయి గానీ, మంచం పక్కన నిలబడిన నర్సుకు ముందుగా వినబడేవి ఇవే.

రాత్రి డ్యూటీ వారంలో కొత్త పాఠం జోలికి వెళ్లకండి. నేర్చుకున్న మాటలను కార్డుల రూపంలో కొంత వ్యవధి తర్వాత మళ్లీ అడిగే, ఆండ్రాయిడ్ ఫోన్లో ఉచితంగా దొరికే ఆంకీ యాప్‌లో కొత్త కార్డులు ఆపేసి, ఆ రోజు అది అడిగిన పాతవాటిని మాత్రం చూసి పడుకోండి. కొత్త పాఠం సెలవు రోజున చదవవచ్చు. జపాన్ ఫౌండేషన్ ఉచితంగా అందించే 'ఇరోదోరి' పాఠ్యపుస్తకం, జపాన్‌లో ఉండి పనిచేయబోయేవారి కోసమే రాసినది. దాని ఆడియోను ప్రయాణంలో వినండి.

గమ్యం కూడా స్పష్టంగా ఉండాలి. 2019లో మొదలైన 'తొకుతెయ్ గినో' (నిర్దిష్ట నైపుణ్య కార్మికుల) వీసాకు సాధారణంగా జపనీస్ ప్రావీణ్య పరీక్ష జేఎల్‌పీటీలో కింది నుంచి రెండో స్థాయి అయిన ఎన్4 గానీ, 250కి 200 మార్కులు రావలసిన జేఎఫ్‌టీ బేసిక్ అనే మరో జపనీస్ పరీక్ష గానీ కావాలి. సంరక్షణ రంగానికి ఆ వృత్తి భాషలో ఇంకో పరీక్ష, నైపుణ్య పరీక్ష అదనం. జేఎల్‌పీటీ జులై, డిసెంబరు నెలల్లో జరుగుతుంది. అందులో మాట్లాడే భాగం లేదు కాబట్టి, ఆడియోలోని వాక్యాలను వెంటవెంటనే పైకి పలకడం ఇప్పుడే అలవాటు చేసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి అనిమే (జపనీస్ యానిమేషన్) చూస్తూనే జపనీస్ నేర్చుకుంటానంటున్నాడు. సాధ్యమేనా?
– ఒక తండ్రి, రాజమండ్రి

జవాబు: చెవికి అలవాటు పడటానికీ, ఆసక్తి నిలవడానికీ అది మంచి మార్గమే, మాన్పించకండి. కాని ఆ పాత్రలు చాలావరకు స్నేహితుల మధ్య 'నువ్వు' స్థాయిలో, కొన్నిసార్లు అంతకన్నా మోటుగా మాట్లాడతాయి. కొత్తవారితోనూ పనిచేసే చోటా 'దెస్', 'మస్' అంతాలతో గౌరవంగా మాట్లాడాలి. కాబట్టి ఒక వ్యాకరణ పుస్తకం కూడా కొనివ్వండి. చూసిన సన్నివేశంలోని వాక్యం ఒకటి తీసుకుని, అదే మాటను ఉపాధ్యాయుడితో ఎలా అంటారో రాసి చూపించమని అడగండి.