ముందు నీ నోటు నీకు వినపడాలి

చిన్నా,

మొత్తానికి బ్యాండ్‌లో బేస్ వాయించేవాడు లేడని నీ మెడలో బేస్ (లోతైన శబ్దమిచ్చే నాలుగు తీగల గిటార్) వేశారన్నమాట. ఇద్దరు గిటారిస్టులున్న ప్రతి బ్యాండ్‌లోనూ ఒకడికి పట్టే గతే ఇది, బాధపడకు. వినాయక చవితికి కాలనీ పందిట్లో మొదటి ప్రోగ్రాం అన్నావు. ఇంకా ఆరు వారాలుంది, చాలు. కాకపోతే గిటార్ దగ్గర చేసిన అలవాట్లు కొన్ని ఇక్కడ పనికిరావు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు కాబట్టి ముందు దాని సంగతి చూడు. 45 నుంచి 105 గేజ్ (మందం) తీగల సెట్టు కొత్తది వెయ్. తీగ కోసేటప్పుడు జాగ్రత్త. పెగ్గు (తీగ బిగించే మర) దాటాక పది పన్నెండు సెంటీమీటర్లు వదిలి, అక్కడ తీగని తొంభై డిగ్రీలు వంచి, వంపు అవతల కొయ్. వంచకుండా కోస్తే పైన చుట్టిన తీగ లోపల జారిపోతుంది, కొత్త తీగ మొదటి రోజే మొద్దుబారుతుంది. పెగ్గు మీద చుట్లు పైనుంచి కిందికి దిగుతూ రెండు మూడు పడాలి.

తర్వాత నెక్, అంటే ఫ్రెట్లనే అడ్డ కడ్డీలుండే పొడవాటి మెడ, చూడు. శ్రుతి చేశాక లావు తీగని ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, ఇంకో చేత్తో చివరి ఫ్రెట్ దగ్గర నొక్కు. ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద తీగ కింద విజిటింగ్ కార్డు పట్టేంత సందు, అంటే సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపలి ఇనుప కడ్డీని) బిగించు, అసలు లేకపోతే వదులు చెయ్. ఒక్కోసారి పావు చుట్టే. తిప్పాక మళ్లీ శ్రుతి చేసి రాత్రంతా వదిలెయ్, పొద్దున చూడు. తిరగనంటే బలవంతం చెయ్యకు, రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లు. రాడ్ విరిగితే నెక్కే పోతుంది. వానాకాలం తేమకి నెక్ మళ్లీ కదులుతుంది కాబట్టి ప్రోగ్రాంకి వారం ముందు ఇంకోసారి చూసుకో. ఆ తర్వాత తీగల ఎత్తు: పన్నెండో ఫ్రెట్ మీద లావు తీగకి 2.5, సన్న తీగకి 2 మిల్లీమీటర్లు. చివరిగా పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగని నొక్కకుండా వేలు తాకించి మోగించే స్వరం), నొక్కిన నోటు (స్వరం) పోల్చు. నొక్కిన నోటు ట్యూనర్‌లో ఎక్కువ చూపిస్తే బ్రిడ్జి మీద ఆ తీగ శాడిల్‌ని (తీగ ఆనే చిన్న దిమ్మని) వెనక్కి జరుపు, తక్కువ చూపిస్తే ముందుకి. ఈ వరస తప్పకూడదు. ఎత్తు మారిస్తే ఈ చివరి లెక్క మళ్లీ మారుతుంది.

ఇక చేతులు. గిటారిస్టులు బేస్ పట్టగానే చేసే తప్పు, మోగించడం మీదే ధ్యాస పెట్టి ఆపడం మర్చిపోవడం. గిటార్‌లో ఓ తీగ అనవసరంగా మోగినా చెల్లిపోతుంది. ఇక్కడ ఏ తీగ నొక్కినా పక్క తీగలు వాటంతటవే గుయ్‌మంటూ ఉంటాయి, స్టేజీ మీద అదంతా కలిసి బురదవుతుంది. అందుకే కుడి చేతి బొటనవేలు పికప్ (తీగల కింది అయస్కాంత పట్టీ) మీద పాతుకుపోకూడదు. నువ్వు సన్న తీగల వైపు వెళ్లేకొద్దీ అదీ వెనకాలే వచ్చి, వదిలేసిన లావు తీగల మీద పడుకోవాలి. సన్న తీగలని ఎడమ చేతి వేళ్లు ఆనించి ఆపు.

ఒక్క బార్ (నాలుగు లెక్కల ఆవర్తం) తీసుకుని చూడు. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఒకటి మీద, మూడు మీద పడుతోంది. స్నేర్ (కర్రతో కొట్టే చిన్న డ్రమ్) రెండు మీద, నాలుగు మీద. నువ్వు ఒకటి మీద నోటు వేశావు. దాన్ని రెండో లెక్క దాకా లాగి, స్నేర్ కర్ర పడే క్షణానికి ఆపు. వేలు పూర్తిగా ఎత్తొద్దు, వదులు చేస్తే చాలు. మూడు మీద మళ్లీ వెయ్, నాలుగుకి మళ్లీ ఆపు. ఇప్పుడు అదే బార్ నోట్లు ఆపకుండా వాయించి చూడు. నోట్లు అవే, వేగం అదే, కానీ స్నేర్ పస తగ్గిపోతుంది. మెట్రోనోమ్ (టిక్కులతో లయ కొట్టేది) 60 మీద పెట్టి ఆ టిక్కుల్ని రెండు, నాలుగు అనుకుంటూ రోజూ పదిహేను నిమిషాలు ఇదే చెయ్. నిలబడి, స్ట్రాప్ స్టేజీ మీద ఉండే ఎత్తులోనే పెట్టుకుని. కూర్చుని నేర్చిన చెయ్యి నిలబడితే వేరే కోణంలో వంగుతుంది, మూడో పాటకే మణికట్టు పట్టేస్తుంది.

మన మాస్ పాటల్లో సిక్స్-ఎయిట్ (ఆరు లెక్కల తాళం) చాలా వస్తుంది. ఒకటి మీద, నాలుగు మీద నోటు చాలు. ఊపు కావాలంటే ఆరు మీద చిన్న నోటు వేసి ఒకటి మీదికి దిగు. అంతకు మించి నింపితే డప్పుల దారికి అడ్డం పడతావు. ఇళయరాజా పాటలైతే మాత్రం ఈ లెక్క పనికిరాదు. అక్కడ బేస్ తనే ఇంకో రాగం పాడుతుంది. ఆయన దగ్గర ఏళ్ల తరబడి వాయించిన శశిధరన్ లైన్లని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నోటు నోటూ ఎత్తాలి. కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) చూసి వాటి రూట్ నోట్లు (మూల స్వరాలు) మాత్రం వేస్తే పాట సగం పోతుంది. మొదటి ప్రోగ్రాంకి అలాంటిది ఒక్కటి పెట్టుకో, రెండొద్దు.

పాడేవాళ్లు సి, డి అనరు, ‘ఐదున్నరలో పాడతాను’ అంటారు. ఒకటి అంటే సి, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఆరు ఎ, ఏడు బి. అర కలిస్తే షార్ప్ (ఒక ఫ్రెట్ పై స్వరం). మూడున్నర, ఏడున్నర ఉండవు. నీ నాలుగు ఖాళీ తీగలు లావు వైపు నుంచి మూడు, ఆరు, రెండు, ఐదు. ఇది నోటికొస్తే స్టేజీ మీద వెతుక్కోనక్కర్లేదు. పైగా గొంతు బాగాలేదని చివరి నిమిషంలో అర శ్రుతి దించమంటారు, తప్పదు. కాబట్టి ఖాళీ తీగల మీద ఆధారపడకుండా నేర్చుకో. ఎ తీగ మూడో ఫ్రెట్ మీద సి ఉందనుకో, డి తీగ ఐదో ఫ్రెట్ మీద దాని పంచమం, జి తీగ ఐదో ఫ్రెట్ మీద పై షడ్జమం, ఇ తీగ మూడో ఫ్రెట్ మీద కింది పంచమం. ఆ ఆకారాన్ని అలాగే ఒక ఫ్రెట్ వెనక్కి జరిపితే పని అయిపోయింది.

కీబోర్డ్ అతనితో ఇప్పుడే మాట్లాడు. ఇన్నాళ్లూ బేస్ లేక ఎడమ చేత్తో కింది నోట్లు తనే వేసుంటాడు. ఇద్దరూ వేస్తే రెండూ వినపడవు. నీకంటే పెద్దవాడైతే ‘అన్నా, ఎడమ చెయ్యి కాస్త పైకి జరపవా’ అని నెమ్మదిగా అడుగు.

స్టేజీ సంగతికి వస్తే, బేస్ వాయించేవాళ్ల కష్టాల్లో చాలామట్టుకు తమది తమకి వినపడకపోవడం వల్లే వస్తాయి. వినపడదు కాబట్టి గట్టిగా లాగుతారు. గట్టిగా లాగితే నోటు షార్ప్ అవుతుంది, తీగ ఫ్రెట్లకి కొట్టుకుంటుంది, వేళ్లు బొబ్బలెక్కుతాయి, టైమింగ్ వెనకబడుతుంది. దీనికి మందు బేస్ నాబ్ తిప్పడం కాదు. లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. చిన్న ఆంప్ స్పీకరు దాన్ని సరిగా పలికించలేదు, నీకు వినిపించేది ముఖ్యంగా 82, ఆ పైన ఉన్నవి. బేస్ పెంచితే స్పీకరు గింజుకుంటుంది తప్ప నోటు తేలదు. అన్నీ మధ్యలో పెట్టి మొదలుపెట్టు, 500 నుంచి 800 హెర్ట్జ్ ప్రాంతం కొంచెం పెంచు, బురదగా ఉంటే 200-250 తగ్గించు. గదిలో ఒంటరిగా వింటే ముక్కుతో మాట్లాడినట్టుంటుంది, డ్రమ్స్ మధ్య మాత్రం అదే తేలుతుంది. ఆంప్‌ని కుర్చీ మీదకి ఎక్కించు. నేల మీద పెడితే నీ మోకాళ్లు వింటాయి, నువ్వు వినవు. చెక్క స్టేజీ అయితే అదీ గుంయ్‌మంటుంది. జనానికి శబ్దం పంపేది మిక్సర్, ఆంప్ నీ కోసమే. డీఐ బాక్స్ (బేస్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే పెట్టె) నుంచి మిక్సర్‌కి ఒక లైను ఇవ్వమను. హమ్ (కరెంటు గుంయ్‌మనే శబ్దం) వస్తే ఆ పెట్టె మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కి చూడు.

అంతేగానీ హమ్ పోవడానికని ప్లగ్గు ఎర్త్ పిన్ను ఎవరైనా పీకితే ఒప్పుకోకు. వాన కాలం, తడి నేల, జనరేటర్ కరెంటు. ఆంప్ ఒక లైన్లో, మిక్సర్ ఇంకో లైన్లో ఉండి ఎర్తింగ్ సరిగా లేకపోతే, తీగలు పట్టుకుని మైకుకి పెదవి ఆనించగానే షాక్ కొడుతుంది. అన్నీ ఎర్త్ ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకోమను. ఆన్ చేశాక టెస్టర్‌తో మైకు జాలీ మీద, బేస్ బ్రిడ్జి మీద పెట్టి చూడు. వెలిగితే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఏదీ ముట్టుకోకు. కమిటీవాళ్లు కంగారుపెడతారు, పెట్టనీ.

సంచిలో రెండో కేబుల్, పాత తీగల సెట్టు, ట్యూనర్, అలెన్ కీ, టెస్టర్, టార్చి, గుడ్డ. నీది యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) కాబట్టి కొత్త 9 వోల్టుల బ్యాటరీ ఒకటి. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, వాయించడం అవ్వగానే పీకెయ్. శబ్దం గరగరలాడుతూ సన్నబడితే మొదట అనుమానించాల్సింది దాన్నే. కేబుల్‌ని స్ట్రాప్ వెనక నుంచి ఒక చుట్టు తిప్పి గుచ్చు, ఎవరైనా తొక్కినా జాక్ ఊడిరాదు.

రాత్రి పదికి లౌడ్‌స్పీకర్ ఆపాలి, ప్రోగ్రాం ఎప్పుడూ ఆలస్యంగానే మొదలవుతుంది. ఏ మూడు పాటలు తీసేయాలో ముందే అనుకోండి. చరణం మర్చిపోయి పల్లవిలోకి దూకేది పాడేవాళ్లే కాబట్టి నీ కళ్లు ఫ్రెట్ల మీద కాదు, వాళ్ల మీద ఉండాలి. తప్పు నోటు పడితే ఆగకు. మేజర్ స్కేల్‌లో లేని ఏ నోటుకైనా ఒక ఫ్రెట్ అటూ ఇటూ స్కేల్ నోట్లే ఉంటాయి, జారిపో.

వచ్చే ఆదివారం నువ్వూ డ్రమ్మరూ ఇద్దరే గంటసేపు కూర్చుని రెండు పాటలు వాయించండి. ఫోన్‌లో రికార్డు చేసి పంపు. ఫోన్ మైకుకి బేస్ టోన్ సరిగా అందదు, దాని గురించి బెంగ వద్దు. నోట్లు ఎక్కడ ఆపుతున్నావో విందాం.

మీ బాబాయ్