కళ్లు మూసుకున్నా తెలిసేదెలా?

ప్రశ్న: కళ్లు మూసుకున్నా చేయి ఏ భంగిమలో ఉందో, జేబులో ఫోన్ ఎప్పుడు కంపించిందో ఎలా తెలుస్తుంది?

జవాబు: వీటిని గుర్తించే గ్రాహకాలు వేర్వేరు. చర్మం లోతుల్లో ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉండే పాసినియన్ కణికలు కంపనాన్ని పసిగడతాయి. సెకనుకు 200 నుంచి 300 సార్లు వచ్చే కదలికలకు అవి అత్యంత చురుగ్గా స్పందిస్తాయి గానీ, ఒత్తిడి నిలకడగా ఉంటే త్వరగా స్పందించడం మానేస్తాయి. సున్నితమైన స్పర్శను మైస్నర్ కణికలు, మెర్కెల్ కణాలు గ్రహిస్తాయి.

పంచేంద్రియాల జాబితాలో చోటు దక్కకపోయినా, నా దృష్టిలో వాటికి ఏమాత్రం తీసిపోనిది భంగిమ జ్ఞానం. కండరాల్లోని కదురు ఆకారపు గ్రాహకాలు, కండరం ఎంత సాగిందో, ఎంత వేగంగా సాగిందో వెన్నుపాము ద్వారా మెదడుకు నిరంతరం తెలియజేస్తుంటాయి. ఇక్కడ ఒత్తిడిని విద్యుత్ సంకేతంగా మార్చేది పియెజో2 అనే ప్రొటీన్. దాన్ని కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్ 2021 నోబెల్ బహుమతిని డేవిడ్ జూలియస్‌తో పంచుకున్నారు. పుట్టుకతోనే ఈ ప్రొటీన్ పనిచేయనివారు కళ్లకు గంతలు కడితే నిలదొక్కుకోలేక తూలిపోతారు.