నలుగురు పిల్లలతో గడప దాటేటప్పుడు

అమ్మలుకు పెద్దమ్మ దీవెనలు.

మొన్న ఫోనులో నువ్వు అన్న మాట నా మనసులో ఉండిపోయింది. చంటిది పుట్టిన తర్వాత టీకాల కోసం ఆస్పత్రికి వెళ్లడం తప్ప ఇల్లు కదలలేదన్నావు. నలుగురినీ వెంటబెట్టుకుని బయలుదేరాలని తలచుకుంటేనే నీరసం వస్తోందన్నావు. ఆ నీరసం నాకు బాగా తెలుసు. మీ పెదనాన్నగారి బదిలీల వల్ల అత్తగారూ అమ్మా పక్కన లేని ఊళ్లలోనే నేనూ నలుగురిని పెంచాను. అందుకే ఫోనులో రెండు ముక్కలతో సరిపెట్టకుండా కూర్చుని రాస్తున్నాను.

అసలు మాట ముందే చెబుతాను. బయటికి వెళ్లడం మానవద్దు, వెళ్లే పద్ధతి మార్చుకో. దగ్గర చోటికి వెళ్లు, కొద్దిసేపే ఉండు, కానీ తరచుగా వెళ్లు. ఏడాదికి ఒక్కసారి పెద్ద ప్రయాణం పెట్టుకుని, ఆ రోజే అన్నీ చూపించేయాలనుకుంటే సాయంత్రానికి పిల్లలూ ఏడుస్తారు, నీకూ ఏడుపొస్తుంది. వారానికి రెండుసార్లు ఓ గంటసేపు బయట తిరిగే పిల్లలకు చెప్పులు తొడుక్కోవడం, చేయి పట్టుకుని రోడ్డు దాటడం, తమ వంతు వచ్చేదాకా ఆగడం వాటంతట అవే అలవాటవుతాయి. ఆ అలవాటు లేని పిల్లలను ఒక్కసారిగా జనంలోకి తీసుకెళ్లి, మాట వినడం లేదని కోప్పడటం న్యాయం కాదు.

మీ ఇంటికి దగ్గరలోనే రైతు బజారు ఉంది కదా. మొదటి నెల అదొక్కటే చాలు. ఎండ ముదరకముందే వెళ్లు. కవలల్లో ఒకడికి నిమ్మకాయలు, మరొకడికి కరివేపాకు కొనే పని అప్పగించు. పది రూపాయలు వాడి చేతికే ఇచ్చి, బేరం వాడి చేతే అడిగించు. చేతిలో పని ఉన్న పిల్లవాడు అంత తొందరగా పరుగు తీయడు. పెద్దదానికి పుచ్చులు లేని వంకాయలు ఏరడం నేర్పు. ఏడేళ్ల పిల్ల ఆ పని చక్కగా చేస్తుంది. కూరలమ్మే వాళ్లకు కూడా పిల్లలంటే ముచ్చటే, ఓ క్యారెట్టో జామకాయో చేతిలో పెడతారు. ఇంటికొచ్చి "ఈ నిమ్మకాయలు నేనే తెచ్చాను" అని వాళ్ల నాన్నకు చూపించుకునేటప్పుడు వాడి ముఖం చూడు. కాలనీ పార్కు, సాయంత్రం వేళ గుడి, వీధి చివరి టైలరు కొట్టు, ఇవన్నీ పిల్లలకు ఊరు చూడటమే.

బయలుదేరడమే సగం పని. సంచి రాత్రే సర్ది గుమ్మం దగ్గర పెట్టు. డైపర్లు, తడి గుడ్డలు, ఖాళీ కవర్లు, నీళ్లు, తలా ఒక జత బట్టలు, చంటిదానికి రెండు జతలు. నీకూ ఒక పై బట్ట పెట్టుకో. తల్లులు అందరికీ సర్ది తమకు మాత్రం మరచిపోతారు, చంటిది భుజం మీద పాలు కక్కితే రోజంతా ఆ తడితోనే తిరుగుతారు. చంటిదాన్ని అందరికంటే చివర తయారుచేయి. "నాకు రావడం లేదు" అన్నా సరే, గడప దాటేముందు అందరూ ఒకసారి బాత్రూముకు వెళ్లాల్సిందే. వెళ్లిన చోట మొదట కనుక్కోవలసిందీ అదే.

చంటిదాని నిద్రను బట్టి వేళ చూసుకో. ఉదయం వెళ్లి మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఇంటికి చేరేలా ఉంటే మంచిది. "ఇంకాసేపు ఉందామమ్మా" అని పిల్లలు బతిమాలుతున్నప్పుడే తిరుగుముఖం పట్టాలి. ఒకరు ఏడుపు మొదలుపెట్టాక బయలుదేరితే ఆ ఏడుపు మిగతావాళ్లకూ అంటుకుంటుంది.

కవలలు జూకి వెళదామని గొడవ చేస్తున్నారన్నావు. తప్పకుండా తీసుకెళ్లు. 1963లో తెరిచిన మన హైదరాబాద్ నెహ్రూ జూ పార్కు 380 ఎకరాల చోటు. అంతా చూపించాలని మాత్రం పెట్టుకోకు. ముందు రోజు రాత్రి అన్నాలు తినేటప్పుడు ముగ్గురినీ తలా ఒక జంతువును ఎంచుకోమను. ఏనుగు, పులి, మొసలి అన్నారంటే ఆ రోజుకు ఆ మూడే. ఒక్కో దాని దగ్గర వాళ్లకు తనివి తీరేదాకా నిలబడనివ్వు. లోపల బ్యాటరీ బండ్లు తిరుగుతుంటాయి, డబ్బుకు వెనకాడకుండా ఎక్కండి. నాలుగేళ్ల పిల్లలు కాస్త దూరం నడవగానే ఎత్తుకోమంటారు. అప్పటికే చంకలో చంటిది ఉన్న నువ్వు ఇద్దరినీ ఎలా ఎత్తుకుంటావు?

సోమవారం జూకి సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆ మ్యూజియానికి వెళితే గడియారం కోసమే వెళ్లు. గంట గంటకూ లోపలి నుంచి ఒక బొమ్మ మనిషి బయటికి వచ్చి గంట కొట్టి వెళతాడు. ఇంకో బొమ్మ సెకను సెకనుకూ సుత్తి దెబ్బ వేస్తూనే ఉంటుంది. పదకొండుకు కాస్త ముందే దాని ఎదుట కూర్చుంటే పిల్లలు పదకొండు దెబ్బలూ పైకి లెక్కపెడతారు. తర్వాత ముసుగు వేసుకున్న రెబెక్కా విగ్రహం చూపించు. రాతిలో అంత పల్చటి మేలిముసుగు ఎలా చెక్కారని పెద్దది తప్పక అడుగుతుంది. అంతటితో చాలించండి. కత్తుల గది, పింగాణీ గది వచ్చే ఏడాదికి కూడా అక్కడే ఉంటాయి.

ఇప్పుడు చెప్పబోయేది రెండుసార్లు చదువు. పెద్దవాళ్లు ఎక్కువమంది ఉన్నచోటే పిల్లలు తప్పిపోతారు. "మీ దగ్గరున్నాడనుకున్నాను" అని ఒకరు, "నీతోనే వచ్చాడుగా" అని ఇంకొకరు. అందుకే ఇంట్లోనే పిల్లలను పేరుపేరునా పంచుకోండి. కవలలు అల్లుడుగారికి, పెద్దదీ చంటిదీ నీకు. మధ్యలో ఆయన టికెట్ల వరసలో నిలబడాలన్నా, ఫోను తీయాలన్నా "వీళ్లను నువ్వు చూడు" అని నోటితో చెప్పాలి. "సరే, చూస్తున్నాను" అని నీ జవాబు విన్నాకే కదలాలి. చుట్టాలు వెంట ఉన్నప్పుడు ఈ నియమం మరింత గట్టిగా పాటించండి.

కవలలకు దూరం నుంచి కూడా కనిపించే పసుపుపచ్చ చొక్కాలు వేయి. బయలుదేరేటప్పుడు నలుగురినీ నిలబెట్టి ఫోనులో ఒక ఫొటో తీసుకో. కంగారులో కన్నతల్లికి కూడా బిడ్డ వేసుకున్న చొక్కా రంగు గుర్తుకురాదు. ముంజేతి మీద పెన్నుతో మీ ఫోను నంబరు రాయి. పేరు మాత్రం చొక్కా మీద కనబడేలా ఉండకూడదు. పేరు పెట్టి పిలిచినవాళ్లు తెలిసినవాళ్లే అనుకుని పిల్లలు వెంట వెళ్లిపోతారు. మీ అమ్మ పేరేమిటని నాలుగేళ్ల వాణ్ణి అడిగితే "అమ్మ" అంటాడు. నీ పేరూ, వాళ్ల నాన్న పేరూ, నంబరూ పాట కట్టి నేర్పు. తప్పిపోతే ఎక్కడున్నవాడు అక్కడే నిలబడాలి, వెతుక్కుంటూ అమ్మే వస్తుంది అని ఇంట్లో ఆటగా ఆడించు. ఎవరినైనా అడగాల్సి వస్తే యూనిఫాం వేసుకున్న పోలీసునో, కౌంటరులో కూర్చున్నవారినో, పిల్లలను వెంటబెట్టుకున్న తల్లినో అడగాలని చెప్పు. నీ ఫోనులో అత్యవసర సాయానికి 112, పిల్లల సహాయవాణి 1098, రైలు ప్రయాణానికి 139 నంబర్లు రాసిపెట్టుకో.

బిడ్డ దొరికిన క్షణంలో చేయి లేస్తుంది. ఆపుకో, అమ్మలూ. ఆ కోపం నిజానికి భయం. దొరికినందుకు దెబ్బ తిన్న పిల్లవాడు ఇంకోసారి తప్పిపోతే నిన్ను చూసి దాక్కుంటాడు.

తిండి సంగతి. బయట కొనిపెట్టడం తప్పు కాదు కానీ కడుపు నింపేది ఇంటి నుంచే తీసుకెళ్లు. ఒకే పెద్ద డబ్బా కాకుండా తలా ఒక చిన్న డబ్బా ఇస్తే నీదెక్కువ నాదెక్కువ అనే తగవు ఉండదు. పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు పిల్లలకు పడతాయి. పులిహోర చేస్తే అందులో పల్లీలు వేయకు. నాలుగేళ్ల పిల్లలు నవ్వుతూ, గెంతుతూ తినేటప్పుడు పల్లీ, శనగగింజ, గుండ్రటి ద్రాక్షపండు గొంతుకు అడ్డం పడతాయి. ద్రాక్ష పెడితే నిలువుగా కోసి పెట్టు. ఏది తిన్నా కూర్చునే తినాలి.

చంటిదానికి ఆరో నెల నిండేదాకా నీ పాలు తప్ప మరేమీ వద్దు, ఎండాకాలంలోనైనా నీళ్లు కూడా అక్కర్లేదు. "పాపం, గొంతు ఎండుతోంది, రెండు చుక్కలు పట్టు" అనే పెద్దవాళ్లు ప్రతి ప్రయాణంలో ఉంటారు. గౌరవంగానే వద్దని చెప్పు. పాలిచ్చే నువ్వు మాత్రం నీళ్లు బాగా తాగు. మిగతావాళ్ల కోసం సంచిలో ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు ఉంచు. దాని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొను. లీటరు ప్యాకెట్టయితే మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలను ఆ పేరుతో ఎందరో తల్లులు విరేచనాల పిల్లలకు తాగించారు. హైదరాబాద్ పిల్లల డాక్టరు ఒకరు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. ఆ డాక్టరమ్మ రుణం మనం తీర్చుకోలేము.

అందరూ ఒకే బండి మీద ఎక్కి వెళ్లే ఆలోచన అసలు వద్దు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను ద్విచక్ర వాహనం మీద తీసుకెళితే హెల్మెట్టూ, నడిపేవారితో కలిపి కట్టే బెల్టూ ఉండాలనీ, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదనీ 2022లో కేంద్రం నిబంధన పెట్టింది. మీ ఆరుగురికి ఆటోనో కారో మాట్లాడుకోండి.

సంక్రాంతికి కాకినాడ రైలుకు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. తెరిచిన ఉదయమే చేయించు. అయిదేళ్లు నిండని పిల్లలకు విడిగా బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. అయిదు నిండి పన్నెండు నిండనివారికి బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం. పెద్దదానికి బెర్తు తీసుకో, కవలలిద్దరికీ కలిపి కూడా ఒకటి కొను. ఆ డబ్బు మిగుల్చుకుంటే మీ ఇద్దరిలో ఎవరికీ రాత్రి కన్ను మూతపడదు. చంటిదీ నువ్వూ కింది బెర్తులో పడుకోండి, దాన్ని గోడవైపు పడుకోబెట్టు. వేడి టీ మోసుకుంటూ మనుషులు తిరుగుతుంటారు, దారిలోకి పిల్లల కాళ్లూ చేతులూ రానివ్వకు. తలుపు దగ్గరికి నాన్నతో కూడా వద్దు.

ఇక పెద్దదాని గురించి. ఫోనులో నువ్వు "అదే చూసుకుంటుందిలే, అది బంగారం" అన్నావు. ఆ మాట నాకు గుచ్చుకుంది. అదీ ఏడేళ్ల పసిదే. నీళ్ల సీసా మోయడం, తమ్ముళ్లకు దారి చూపించడం దాని వయసుకు తగినవే. వాళ్ల కాపలా మాత్రం దాని మీద వేయకు. పార్కుకు వెళ్లి తమ్ముళ్ల వెనకే పరిగెత్తి, ఒక్కసారైనా ఉయ్యాల ఊగకుండా ఇంటికి వచ్చిన పిల్ల నోరు తెరిచి చెప్పదు, మనమే గమనించాలి. నెలకు ఒకసారైనా దాన్ని ఒక్కదాన్నే తీసుకుని బయటికి వెళ్లు. గాజుల కొట్టుకు చాలు. కవలలను కూడా అప్పుడప్పుడూ విడదీసి, ఒకణ్ణి నువ్వు, ఒకణ్ణి అల్లుడుగారు తీసుకెళ్లండి. ఎప్పుడూ గుంపులో ఉండే పిల్లలకు అమ్మ చేయి ఒక్కరికే దొరకడం పెద్ద పండుగ.

జనం మాటలంటావా, "నలుగురా!" అని నోరు వెళ్లబెట్టేవాళ్లు పెళ్లిళ్లలోనూ ఉంటారు, లిఫ్టులోనూ ఉంటారు. పిల్లలు వింటున్నారని గుర్తుంచుకుని "అవునండీ, నలుగురూ మావాళ్లే" అని నిండుగా చెప్పు.

నాంపల్లి నుమాయిష్‌కు నేను తోడుంటాను. 1938 నుంచి జరుగుతున్న ఆ ప్రదర్శన సాధారణంగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. పండుగ అయ్యాక మీతోపాటే హైదరాబాద్ వస్తాను. సెలవు రోజు కాకుండా మామూలు రోజున, గేట్లు తెరిచే వేళకే వెళదాం. దీపాలు వెలిగి జనం కమ్ముకునే సరికి బయటికి వచ్చేద్దాం. గాంధీభవన్ మెట్రో స్టేషన్ దగ్గరే. కవలల్లో అల్లరివాడు నా వంతు, రెండోవాడు అల్లుడుగారి వంతు. పెద్దదాని చేయి నువ్వు పట్టుకో, చంటిది నీ ఒళ్లో ఉంటుంది. నా రిజర్వేషన్ కూడా మీ తిరుగు ప్రయాణం టికెట్లతోనే చేయించు.

మీ పెద్దమ్మ