బాపు దుకాణంలో దొరికిన సముద్రపు గుర్రాలు: కాల్చాలా, అప్పజెప్పాలా?

ప్రశ్న: వకీలు సాబ్, నమస్తే. మాది హనుమకొండ. మా బాపు నలభై ఏండ్లు మూలికల దుకాణం నడిపిండు. రెండు నెలల కింద చనిపోయిండు. మొన్న దుకాణం ఖాళీ చేస్తుంటే అటక మీద ఒక సీసాల ఎండిన సముద్రపు గుర్రాలు 23 దొరికినయి. నొప్పులకు పొడి కొట్టి ఇచ్చేటోడు. చెన్నై నుంచి తెప్పించిండట, ఏ సంవత్సరమో తెల్వదు, బిల్లుల్లేవు. కరీంనగర్ నుంచి ఒకాయన వాట్సాప్‌ల రేటు అడుగుతున్నడు. ఇంట్లోవాళ్లేమో కాల్చేయమంటున్నరు. సముద్రమే లేని మన దగ్గర ఇది కేసయితదా? మా బామ్మర్ది అక్వేరియం కోసం బతికిన జంటను ఆన్‌లైన్‌ల కొంటనంటున్నడు, అదన్నా తప్పు కాదు గదా?
– ఒక పాఠకుడు

జవాబు: కాల్చకండి. అమ్మకండి. సీసాను ఉన్నచోటు నుంచి కదిలించకండి.

సముద్రం ఎంత దూరంలో ఉందన్నది ఈ చట్టానికి అనవసరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 దేశమంతటికీ ఒక్కటే. 2001 జులైలో సముద్రపు గుర్రాలను, వాటి దగ్గరి చుట్టాలైన పైప్ చేపలతో సహా, షెడ్యూల్ 1లో చేర్చారు. పులి ఉన్న, అన్నిటికంటే గట్టి రక్షణ ఇచ్చే జాబితా అది. ఎండిపోయింది కదా, ప్రాణి ఎలా అవుతుందని చాలామంది అడుగుతారు. జంతువు మొత్తాన్ని గానీ ఒక భాగాన్ని గానీ, కృత్రిమంగానైనా సహజంగానైనా, నిలవ ఉంచితే చట్టం దాన్ని ‘ట్రోఫీ’ అంటుంది. ఎండబెట్టి సీసాలో పోసినా ట్రోఫీయే.

చట్టవిరుద్ధంగా పట్టిన జీవి, దాని ట్రోఫీ సెక్షన్ 39 కింద ప్రభుత్వ ఆస్తి. దాన్ని అమ్మడం, బహుమతిగా ఇవ్వడం ఎంత తప్పో, అనుమతి లేకుండా ధ్వంసం చేయడమూ అంతే తప్పు. మీ ఇంట్లోవాళ్ల సలహా పాటిస్తే ఉన్న చిక్కుకు ఇంకో నేరం తోడవుతుంది. పైగా మీరు తప్పు చేయలేదని చూపే వస్తువే బూడిదవుతుంది.

మీ మీద రెండు గడువులు నడుస్తున్నాయి. ఒకటి సెక్షన్ 39(2): ప్రభుత్వ ఆస్తి చేతికొచ్చిన 48 గంటల్లో దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గానీ అధీకృత అటవీ అధికారికి గానీ తెలపాలి. రెండోది సెక్షన్ 40(2బి): వారసత్వంగా వచ్చినదైతే 90 రోజుల్లో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు లేదా ఆయన అధికారమిచ్చిన అధికారికి డిక్లరేషన్ ఇవ్వాలి. ఇంకో నెల ఉందిగా అని ఆగకండి. మీ బాపు పేర యాజమాన్య ధ్రువపత్రం లేనప్పుడు వారసత్వంగా వచ్చిన వాటికి చట్టమిచ్చే మినహాయింపు మిమ్మల్ని ఎంతవరకు కాస్తుందన్నది వాదించుకోవాల్సిన సంగతి. ఈ జవాబు మీకు చేరేసరికి 48 గంటలు ఎలాగూ దాటిపోతాయి. అయినా వెళ్లండి. సీసా కనబడిన అసలు తేదీనే రాయండి, వెనక్కి ముందుకి జరపొద్దు. తనంతట తాను ఆలస్యంగా వచ్చినవాడు, సోదాలో దొరికినవాడు కోర్టు కళ్లకు ఒకేలా కనబడరు.

సీసాను అటక మీదే ఉంచి, పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీయండి. తర్వాత హనుమకొండ జిల్లా అటవీ అధికారి పేర దరఖాస్తు రెండు ప్రతులు రాయండి. మాటలు ఇలా ఉంటే చాలు: ‘నా తండ్రి మరణానంతరం ఫలానా తేదీన దుకాణం అటక మీద గాజు సీసాలో ఎండిన సముద్రపు గుర్రాలు 23 కనిపించినవి. వీటిని ఉంచుకునే ఉద్దేశం నాకు లేదు. స్వాధీనం చేసుకుని రసీదు ఇప్పించగలరు. దీన్నే సెక్షన్ 39(2), 40(2బి) కింద నా నివేదికగా, డిక్లరేషన్‌గా స్వీకరించగలరు.’ మరణ ధ్రువపత్రం, దుకాణం లైసెన్సు నకళ్లు జతచేయండి. రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా మెట్లు దిగకండి. సీసాను మీరే సంచిలో వేసుకుని ఆఫీసుకు పోవద్దు. దారిలో తనిఖీ జరిగితే, అప్పగించడానికే తీసుకెళ్తున్నానని రుజువు చేసుకునే భారం మీదవుతుంది. స్వాధీనంలో ఉందని తేలితే చాలు, అది అక్రమమనే సెక్షన్ 57 అనుకుంటుంది.

వాళ్లు వచ్చి పంచనామా రాసేటప్పుడు లెక్క సంఖ్యలోనూ, గ్రాముల్లోనూ పడేలా చూసుకోండి. బరువొక్కటే రాస్తే తేమ ఆరాక తగ్గుతుంది, తగ్గిందెటు పోయిందన్న ప్రశ్న మీ మీదికే వస్తుంది. పేరు దగ్గర ‘నీటి గుర్రం’ అని పడకూడదు. తెలుగులో అది హిప్పోపొటమస్! ‘సముద్రపు గుర్రం, హిప్పోకాంపస్ జాతి’ అని రాయించండి. 2022 సవరణ షెడ్యూళ్లన్నిటినీ తిరగరాసి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చింది కాబట్టి, పాత పుస్తకంలో చేపల భాగమైన ‘పార్ట్ 2ఎ’ నంబర్లు దరఖాస్తులో ఎక్కించకండి.

2001కి ముందు సరుకని వాదించొచ్చా? వాదించొచ్చు, నిలబెట్టడం కష్టం. జాబితాలో చేరిన రెండు నెలల తర్వాత, మరో 30 రోజుల్లో వ్యాపారులు తమ దగ్గరున్న సరుకును ప్రకటించాలని సెక్షన్ 49సి చెబుతుంది. మీ బాపు అలాంటి కాగితం ఇచ్చారేమో పాత ఫైళ్లలో వెతకండి. దొరికితే మీ బలం పదింతలు. షెడ్యూల్ 1 నేరానికి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, జరిమానా 25,000కు తగ్గదు. కనీస శిక్ష ఉన్న నేరం కాబట్టి డబ్బు కట్టి రాజీ చేసుకునే దారీ లేదు.

ఇంత చిన్న చేపకు ఇంత చట్టమా అనిపించొచ్చు. రొయ్యల కోసం లాగే ట్రాల్ వలలో, ముఖ్యంగా పాక్ జలసంధి, మన్నార్ సింధుశాఖ ప్రాంతాల్లో, ఇవి కోరకుండానే పడతాయి. సరిగా ఈదలేవు, తోకతో సముద్రపు గడ్డిని పట్టుకుని బతుకుతాయి. మగది పొట్టసంచిలో పిల్లల్ని మోస్తుంది. గర్భంతో ఉన్న మగది వలలో పడితే ఆ సంచిలోని పిల్లలన్నీ దానితోనే పోతాయి. వలలో పడ్డదాన్ని ఏరి ఎండబెట్టేది కొనేవాడు ఉన్నాడనే. అందుకే చట్టం వలతో ఆగక మీ సీసా దాకా వచ్చింది.

విదేశాల్లో బాహాటంగానే అమ్ముతారు కదా అని ఆ కరీంనగర్ ఆయన చెప్పొచ్చు. వన్యప్రాణుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ 2002లో వీటిని రెండో అనుబంధంలో చేర్చింది, 2004 మే నుంచి అమలు. అది నిషేధం కాదు. అడవి సంతతికి హాని లేదని తేల్చి ఎగుమతి పర్మిట్ ఇవ్వాలన్న షరతు. తల మీది కిరీటం కొన నుంచి సాపుచేసిన తోక చివరి దాకా 10 సెంటీమీటర్లకు తగ్గినవి వద్దన్న సిఫారసూ ఉంది. థాయిలాండ్ లాంటి పెద్ద ఎగుమతిదారే 2016లో ఆపేసింది. మన దేశంలో మాత్రం పది సెంటీమీటర్లున్నా పదిహేనున్నా అమ్మకం నిషిద్ధమే.

బామ్మర్దికి చెప్పండి: ‘తొట్టిలో పుట్టినవి, సముద్రంలో పట్టినవి కావు’ అన్న అమ్మకందారు మాట ఇక్కడ చెల్లదు. షెడ్యూల్ జీవిని బంధించి పెంచినా, బంధంలోనే పుట్టినా చట్టం దృష్టిలో అది ‘బంధిత జంతువే’. కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేస్తే సరిపోతుందని కూడా అంటారు. ఆ నమోదు షెడ్యూల్ 4లోని విదేశీ జీవులకు, షెడ్యూల్ 1 వాటికి కాదు.

కరీంనగర్ ఆయనకు ‘ఎంతిస్తవ్’ అని సరదాకైనా రాయకండి. ప్రయత్నం కూడా సెక్షన్ 52 కింద నేరమే, స్క్రీన్‌షాట్ సాక్ష్యమవుతుంది. ఆయన మెసేజ్‌లు చెరిపేయకుండా, జవాబివ్వకుండా ఉంచి, దరఖాస్తు ఇచ్చే రోజు ఆ అధికారికే చూపించండి.